పక్క తిరిగితే ఇల్లు గిర్రున తిరగడం, ఎడమ చెవిలో హోరు: కొత్త వైద్యం కోసం ఆగాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. మీ అమ్మగారికి 58 ఏళ్లు, కోరుట్లలో ఇంటిపట్టున బీడీలు చుడతారు. రెండేళ్లుగా పడుకుని కుడి పక్కకు తిరిగినా, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. నిమిషం లోపే ఆగిపోతుంది, ఆ తర్వాత కాసేపు వికారం. అది కాక ఎడమ చెవి మందగించింది, రాత్రిళ్లు అందులో హోరు. ఒక డాక్టరు మెదడు నరాల బలహీనత అన్నారు. ఇంకొకరు ఎక్స్‌రే చూసి మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేయించారు. బీటాహిస్టిన్ మాత్ర మూడు పూటలా నడుస్తోంది. పెళ్లి కాక ముందు క్షయకు చాలాకాలం సూదులు వేయించుకున్నారు. చైనాలో పుట్టు చెవుడు పిల్లలకు జన్యు చికిత్సతో వినికిడి వచ్చిందని మీరు చదివారు. అది మన దాకా వచ్చేవరకు ఆగాలా, లేక మీకు ఎవరో చెప్పిన మూలకణాల వైద్యం ఈలోగా చేయించాలా అన్నది మీ ప్రశ్న.

హనుమకొండలో చాలా ఏళ్లుగా ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. వినికిడి, తూలుడు పరీక్షలు నా పని. మందులు రాయడం డాక్టర్ల పని, ఆ గీత నేను దాటను. ఆ హద్దులో ఉండే చెబుతున్నాను: మీ అమ్మగారి తల తిరుగుడుకు కావలసిన పరిశోధన జరిగి మూడు దశాబ్దాలు దాటింది. దానికి కావలసిన సరంజామా ఒక మంచం, ఒక దిండు, పని తెలిసిన మనిషి చేతులు. ఎడమ చెవి సంగతి పూర్తిగా వేరే. రెండింటినీ ఒకే జబ్బు అనుకుని ఒకే మాత్రతో నెట్టుకురావడం వల్లే రెండేళ్లు గడిచిపోయాయి.

తల తిరుగుడు అంటూ వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఎంతసేపు ఉంటుందని, ఏం చేస్తే వస్తుందని. ఈ రెండు జవాబులు చాలాసార్లు స్కానింగు కన్నా ఎక్కువ చెబుతాయి. పక్క తిరిగినప్పుడు వచ్చి నిమిషం లోపు పోయేది ఒక జబ్బు. ఏ కదలికా లేకుండా మొదలై ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటల వరకు ఉండి, చెవిలో హోరు, బరువు, వినికిడి హెచ్చుతగ్గులతో వచ్చేది మెనియర్ జబ్బు. రోజుల తరబడి ఆగకుండా తిప్పేది చాలావరకు తూకం నరం వాపు. పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్లకు వచ్చే తల తిరుగుడు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండొచ్చు. కూర్చున్నచోటి నుంచి దిగ్గున లేచినప్పుడు మాత్రమే కళ్లు చీకట్లు కమ్మితే చెవిని వదిలేసి రక్తపోటు చూడాలి. మీరు రాసిన లక్షణాలు నూటికి తొంభై పాళ్లు మొదటి దానికే సరిపోతున్నాయి.

ఆ మొదటిది ఏమిటంటే: లోపలి చెవిలో వినడానికి కాక్లియా, తూకానికి మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. సంచుల్లో ఒక జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకుని ఉంటాయి. భూమి ఎటు లాగుతోందో మనకు తెలిసేది వాటి బరువు వల్లే. వయసు మీద పడినా, తలకు దెబ్బ తగిలినా, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే వాటిలో కొన్ని ఊడి నాళంలోకి జారతాయి. ఎక్కువగా వెనుక నాళంలోకే, ఎందుకంటే అది అన్నిటికన్నా కింద ఉంటుంది. తల కదిలినప్పుడు అవి లోపలి ద్రవాన్ని తోస్తాయి. తల ఆగినా తోపుడు ఆగదు కాబట్టి మెదడు ఇంకా తిరుగుతున్నామనే అనుకుంటుంది. స్ఫటికాలు ఎక్కడో ఒకచోట కుదురుకోగానే ఇల్లూ కుదురుకుంటుంది. నిమిషం లోపు ఆగిపోవడానికి కారణం అదే.

ఇలా భంగిమ మారితే వచ్చే తల తిరుగుడును 1921లో రాబర్ట్ బరానీ వర్ణించారు. తూకం అవయవం మీద పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన వైద్యుడాయన. బహుమతి కబురు అందేనాటికి మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడి రష్యా బందీల శిబిరంలో ఉన్నారు. 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దీన్ని పట్టే పరీక్షను స్థిరపరిచారు. మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, తల మంచం అంచు కిందికి కాస్త వాలేలా ఒక్కసారిగా పడుకోబెట్టి కళ్లు చూడాలి. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత కనుగుడ్లు పైకి, కిందున్న చెవి వైపుకు మెలి తిరుగుతూ కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఆ కదలికే రోగ నిర్ధారణ. దానికి రక్త పరీక్ష అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. మీరు పంపిన కాగితాల్లో ఈ పరీక్ష చేసిన జాడే లేదు. మెడ ఎక్స్‌రేలు మాత్రం మూడున్నాయి. యాభై దాటిన ఎవరి మెడ తీసి చూసినా అరుగుదల కనిపిస్తుంది, తల తిరగనివాళ్లకు కూడా. పట్టీ తీసేయవచ్చేమో మీ డాక్టరును అడగండి. తల కదలకుండా కట్టేసుకుంటే మెదడు తూకం సర్దుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక చికిత్స. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే చెవి వైద్యుడు, స్ఫటికాలు నాళంలో పడ్డాయంటే తలను సరైన వరుసలో తిప్పితే అవి దొర్లుకుంటూ మళ్లీ సంచిలో పడాలి కదా అని ఆలోచించారు. 1980లో తోటి వైద్యులకు చూపిస్తే చాలామంది నవ్విపోయారు. పరిశోధన పత్రం 1992లో గానీ అచ్చు కాలేదు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే మొదటి చికిత్స అదే. కుడి చెవి అనుకుంటే, మంచం మీద కాళ్లు చాపి కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పుతారు. భుజాల కింద దిండు వచ్చేలా వెనక్కి పడుకోబెడతారు, తల కాస్త వాలాలి. తిరుగుడు ఆగి ఇంకో అర నిమిషం గడిచేదాకా కదపరు. తర్వాత తలను ఎడమకు 90 డిగ్రీలు తిప్పి అంతే సేపు ఉంచుతారు. అక్కడి నుంచి ఒళ్లంతా ఎడమ పక్కకు దొర్లించి, ముఖం నేల వైపు చూసేలా పెట్టి మళ్లీ ఆగుతారు. చివరకు మెల్లగా లేపి కూర్చోబెడతారు. దాదాపు పదిమందిలో ఎనిమిది మందికి ఒకటి రెండు విడతల్లోనే తగ్గిపోతుంది. రాత్రంతా కూర్చునే నిద్రపోవాలని పూర్వం చెప్పేవారు. దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

ఇది చదివి ఈ రాత్రికే ఇంట్లో మొదలుపెట్టకండి. ఏ చెవో, ఏ నాళమో తేల్చాలంటే కళ్లు చూడటం తెలిసినవాళ్లు ఉండాలి. స్ఫటికాలు వెనుక నాళంలో కాక పక్క నాళంలో ఉంటే ఈ వరుస పనికిరాదు, వేరే తీరుగా దొర్లించాలి. మెడ నిజంగా బాగా లేనివాళ్లకు, కంటి రెటీనా ఆపరేషన్ అయినవాళ్లకు భంగిమలు మార్చి చేయాలి. ఒకసారి చేయించుకుంటే, మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లో చేసుకునేలా వాళ్లే నేర్పుతారు. ఇది మళ్లీ వచ్చే అవకాశం ఉన్న జబ్బు, అందుకే నేర్చుకోవాలి.

మళ్లీ రావడం అంటే మీ అమ్మగారి పని సంగతి గుర్తొచ్చింది. దక్షిణ కొరియాలో ఎనిమిది ఆస్పత్రులు కలిసి చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. ఈ జబ్బు తగ్గినవాళ్లలో విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లకు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల విటమిన్ డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఇచ్చారు. ఏమీ ఇవ్వనివాళ్లతో పోలిస్తే జబ్బు తిరగబెట్టడం సుమారు నాలుగో వంతు తగ్గింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా ఇంట్లో తల వంచుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఎండ పొడ తగిలేది తక్కువ. రక్తంలో విటమిన్ డి ఎంత ఉందో చూపించండి. తక్కువగా ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. వారానికొకటి చొప్పున సొంతంగా మింగే పెద్ద మోతాదు గోళీల జోలికి వెళ్లకండి.

బీటాహిస్టిన్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. స్ఫటికాలు జారినందుకు వచ్చిన తిరుగుడును ఆ మాత్ర తీర్చదు. చెప్పులో రాయి పడితే తీసి పారేస్తాం గాని నొప్పి మాత్ర వేసుకోం కదా. అది మెనియర్ జబ్బుకు వాడే మందు, దానికైనా ఎంత పనిచేస్తుందన్నది తేలలేదు. 2016లో వెలువడిన జర్మన్ ప్రయోగంలో 221 మంది మెనియర్ రోగులను మూడు గుంపులు చేసి తొమ్మిది నెలలు చూశారు. ఒక గుంపుకు తక్కువ మోతాదు, ఒక గుంపుకు ఎక్కువ మోతాదు, మూడో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. మూడు గుంపుల్లోనూ తిరుగుళ్లు తగ్గాయి, దాదాపు ఒకే తీరుగా. అంతకుముందే 1981లో డెన్మార్క్‌లో 30 మంది మీద ఇంకా విచిత్రమైన ప్రయోగం జరిగింది. సగం మందికి లోపలి చెవి ద్రవాన్ని బయటకు పంపే అసలు ఆపరేషన్, మిగతా సగానికి చెవి వెనుక ఎముక మాత్రమే తొలిచిన ఉత్తి ఆపరేషన్. రెండు వైపులా ఎక్కువమంది బాగుపడ్డారు. మెనియర్ తనంతట తానే పెరిగి తగ్గే జబ్బు. జోరుగా ఉన్నప్పుడు డాక్టరు దగ్గరికి వెళతాం కాబట్టి తర్వాత ఏది వాడినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. పక్కింటావిడకు ఫలానా ఆకు పసరుతో తగ్గిందన్న కబురును నేను ఇక్కడే పెడతాను.

అందుకని మాత్ర రేపే మానేయమని కాదు. డాక్టరుతో మాట్లాడి మానిపించండి. తిరుగుడు ఎక్కువైనప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజీన్ మాత్రం ఇంకా జాగ్రత్తగా చూడాల్సినవి. రెండు మూడు రోజులు వాంతులు ఆపడానికి మంచివే. నెలల తరబడి వాడితే మెదడు తూకం సర్దుకోవడాన్ని అడ్డుకుంటాయి, పెద్ద వయసువాళ్లలో పార్కిన్సన్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం తెస్తాయి.

నరాల బలహీనత అన్న మాటకు కూడా పాత చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో తల తిరిగి పడిపోతే మెదడులో రక్తం పోటెత్తిందనేవారు, జలగలు పట్టించి రక్తం తీసేవారు. పారిస్‌లో బధిరుల సంస్థలో వైద్యుడిగా ఉన్న ప్రాస్పర్ మెనియర్ 1861లో, హోరు, చెవుడు, తల తిరుగుడు కలిసి వచ్చేవాళ్లలో తప్పు మెదడుది కాదు, లోపలి చెవిది అని వైద్య అకాడమీ ముందు వాదించారు. లోపలి చెవిలో ద్రవం ఉబ్బడాన్ని 1938లో లండన్‌లోను, జపాన్‌లోను విడివిడిగా శవ పరీక్షల్లో చూశారు. మెనియర్ చెప్పి నూట అరవై ఏళ్లు దాటినా, చెవి వైపు చూడకుండా మెదడు టానిక్కులు రాసే చీటీలు మా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ఎడమ చెవి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే. స్ఫటికాల జబ్బుతో వినికిడి తగ్గదు, హోరు రాదు. పైగా కుడి పక్కకు తిరిగితే తిరుగుతోందంటే స్ఫటికాలు బహుశా కుడి చెవిలో ఉన్నాయి, చెవుడేమో ఎడమ చెవిలో. చుట్టుపక్కల చప్పుడు వల్ల అని ఎవరైనా అంటే, ఆ దెబ్బ సాధారణంగా రెండు చెవులకూ పడుతుంది. వయసు వల్ల అన్నా అంతే. ఒకే చెవి మందగించిందంటే ముందు గులిమి, కర్ణభేరికి రంధ్రం, మధ్య చెవి ఎముకల బిగుసుడు చూడాలి. అవేవీ కాక నరం వైపు లోపమని ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడిని గీతగా చూపే పరీక్షలో తేలితే, కాంట్రాస్టు ఇచ్చి లోపలి చెవి నరాల ఎమ్మారై ఒకసారి తీయించాలి. వినికిడి, తూకం నరం మీద నెమ్మదిగా పెరిగే గడ్డ ఒకటుంది. కాన్సర్ కాదు, అరుదైనది, చాలామందిలో కనిపించదు కూడా. కాని లేదని తేల్చుకోవాలి. మంద్ర స్థాయి (తక్కువ ఫ్రీక్వెన్సీ) శబ్దాల దగ్గర ఆ గీత కిందికి పడి, వినికిడి ఒక రోజు మెరుగు, ఒక రోజు అధ్వానం అయితే మెనియర్ గురించి ఆలోచించాలి. ఉప్పు తగ్గించమంటారు. 1930ల నుంచీ ఉన్న సలహా అది, గట్టి ప్రయోగాల ఆధారం లేదు. అయినా మన పచ్చళ్ల వాడకం చూస్తే రక్తపోటు కోసమైనా తగ్గిస్తే నష్టం లేదు.

ఇది చదివేవాళ్లందరికీ ఒక మాట. ఒక చెవి రాత్రికి రాత్రి మూసుకుపోతే, రాత్రి బస్సులో కిటికీ గాలి తగిలిందని వెచ్చని నూనె పోసుకుంటూ కూర్చోకండి. అది లోపలి చెవి దెబ్బ అయితే స్టిరాయిడ్లు పని చేసే వ్యవధి చిన్నది. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితే మేలు, రెండు వారాలు దాటాక ఆశ బాగా సన్నగిల్లుతుంది.

క్షయ సూదుల సంగతి మీరు ఆఖరున ఒక్క వాక్యంలో రాశారు గాని అది చిన్న విషయం కాదు. ఆ కాలంలో ఎక్కువగా ఇచ్చింది స్ట్రెప్టోమైసిన్. అది క్షయ నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది, కొందరి తూకాన్ని మాత్రం తీసుకెళ్లింది. అలా దెబ్బతిన్న ఒక అమెరికన్ వైద్యుడు 1952లో తన అనుభవం రాశారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కాగితం మీది అక్షరాలు ఎగిరేవట. మంచం తలవైపు ఇనుప కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదవాల్సి వచ్చిందట. అయితే ఆ దెబ్బ రెండు చెవులకూ పడుతుంది, ఇల్లు గిర్రున తిప్పదు. చీకట్లోనో, గట్ల మీదో నడిస్తే తూలడం, నడుస్తున్నప్పుడు చూపు అదరడం దాని గుర్తులు. అమ్మగారికి అవి ఉన్నాయేమో అడగండి. ఉంటే తల, కళ్లు కలిపి కదిపే వ్యాయామాలున్నాయి, 1940ల్లో ఇంగ్లండ్‌లో రూపొందిన వాటికి కొనసాగింపే అవి. బాగా పనిచేస్తాయి. ఇంకొకటి: ఇలాంటి సూదులకు కొందరి చెవులు ఇట్టే పాడైపోవడానికి కారణమైన జన్యు మార్పును 1993లో గుర్తించారు. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. మీ అమ్మమ్మ వైపు సూదుల తర్వాత చెవుడు వచ్చినవాళ్లు ఒకరికి మించి ఉంటే, మీరు, మీ తోబుట్టువులు ఏ ఆస్పత్రికి వెళ్లినా జెంటమైసిన్, అమికాసిన్ సూదులు వేసేముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఇక చైనా వార్త. అది నిజమే, గొప్ప విషయమే. 2024 జనవరిలో ప్రకటించిన ఫలితాల్లో, షాంఘైలో చికిత్స పొందిన ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చింది. ఆ పిల్లల చెవుల్లో శబ్దాన్ని పట్టే రోమకణాలు బాగానే ఉన్నాయి. ఆ కణాలు నరానికి కబురు అందించడానికి కావలసిన ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ మాత్రమే తయారు కావడం లేదు. దాని జన్యువు ఒక వైరస్‌లో పట్టనంత పెద్దది కాబట్టి రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లతో పంపారు. పుట్టు చెవుడుల్లో ఇదొక చిన్న వాటా. మన దేశంలో ఎక్కువగా కనిపించేది కనెక్సిన్ 26 అనే మరో ప్రొటీన్ లోపం. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన వైపు అలాంటి పిల్లలు మాకు తరచు ఎదురవుతారు. వాళ్లకు ఇప్పటికైతే వినికిడి యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్ దారులు. పసివాళ్లకు మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా పాటించే గడువు. మన దగ్గర రెండు, మూడేళ్లకు తెస్తారు, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని పెద్దవాళ్లు అన్నారంటూ.

అమ్మగారి ఎడమ చెవిలో చచ్చినవి రోమకణాలే అయితే కథ వేరు. ఒక్కో కాక్లియాలో అవి పదిహేను వేల చిల్లర ఉంటాయి, పోతే మళ్లీ రావు. కోళ్లలో మళ్లీ మొలుస్తాయని 1980ల్లో కనుక్కున్నప్పటి నుంచి మనుషుల్లో ఎందుకు మొలవవన్న ప్రశ్న వెంట పరిశోధకులు పరుగెత్తుతూనే ఉన్నారు. పక్కనున్న ఆధార కణాలను తట్టిలేపే ఎఫ్ఎక్స్-322 అనే మందు మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో దాని పెద్ద ప్రయోగం విఫలమైంది, ఆ కంపెనీ దాన్ని వదిలేసింది. ఇంత డబ్బు, ఇంత చదువు ఉన్నవాళ్లకు చేతకానిది మూలకణాలతో ఊళ్లో ఒక గదిలో చేస్తామంటే ఏమనుకోవాలి? భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులను మినహాయిస్తే, మూలకణాల వాడకం అనుమతి పొందిన ప్రయోగంలోనే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షల్లో ప్యాకేజీ చెప్పారంటేనే అది ప్రయోగం కాదని తెలుస్తోంది. ఆ డబ్బులో చిన్న భాగంతో ఎడమ చెవికి మంచి వినికిడి యంత్రం వస్తుంది, చాలామందికి దానితో హోరు కూడా కాస్త వెనక్కి తగ్గుతుంది.

మీరు చేయాల్సింది దూరాభారం కాదు. జగిత్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి మీకు దగ్గర. అక్కడ వీలు కాకపోతే వరంగల్ ఎంజీఎంలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి ఉదయం ఓపీ వేళకు రండి. డిక్స్ హాల్‌పైక్ పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి, అడగడం తప్పు కాదు. పరీక్ష రోజు పొద్దున తిరుగుడు మాత్ర వేయవచ్చా అని ముందే కనుక్కోండి. కొన్ని మందులు కళ్ల కదలికను కప్పేస్తాయి. కడుపు నిండా తిని రావద్దు, వాంతి అవుతుంది. వెంట ఒకరు ఉండాలి. ఈలోగా తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, మింగుడు పడకపోయినా, మూతి వంకర పోయినా, పట్టుకున్నా నిలబడలేకపోయినా ఈ జవాబు పక్కన పెట్టి 108కి ఫోను చేయండి. అలాంటి పక్షవాతం మొదటి గంటల్లో సీటీ స్కాన్‌లో కనిపించకపోవచ్చు, స్కాన్ బాగుందన్నారని ఇంటికి తెచ్చేసుకోకండి.

ఆడియోగ్రామ్ తీశాక రెండు చెవుల గీతలూ, కింద రాసిన అంకెలూ కనబడేలా ఫొటో తీసి, పేరు కప్పేసి ఇక్కడ పెట్టండి. ఎమ్మారై అవసరమో కాదో డాక్టరును ఏమని అడగాలో అది చూశాక చెబుతాను.